సింగపూర్ అవార్డు చేతిలో ఉంది, హైదరాబాద్‌లో వసూలు చేయడం ఎలా?

కృష్ణాతీరం · 1
సింగపూర్ కంపెనీ ఒకటి హైదరాబాద్ ఫార్మా కంపెనీకి ముడి రసాయనాలు సప్లై చేసింది. కాంట్రాక్టు 2019 నాటిది. ఆర్బిట్రేషన్ సీటు (చట్టం లెక్కలో ఆర్బిట్రేషన్ ఏ దేశానిదో ఆ చోటు) సింగపూర్, ఎస్ఐఏసీ (సింగపూర్ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం) రూల్స్. ఇక్కడివాళ్ళు డబ్బు ఎగ్గొట్టారు, అక్కడ ఆర్బిట్రేషన్ నడిచింది, 21 లక్షల అమెరికన్ డాలర్లు, పైన వడ్డీ, ఖర్చులు ఇవ్వాలని అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) వచ్చింది. వచ్చి రెండేళ్ళు దాటింది, పైసా రాలలేదు. పైగా ఇప్పుడు హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద అవార్డు కొట్టేయమని పిటిషన్ వేశారు. మెరిట్స్ (అసలు వివాదంలో ఎవరిది న్యాయమన్నది) ఇక్కడ మళ్ళీ మొదట్నుంచీ తేలాల్సిందే అంటున్నారు.

సప్లయర్ చిన్న కంపెనీ, ఇంత సొమ్ము ఇరుక్కుపోతే తట్టుకోలేదు. ఏ కోర్టుకి వెళ్ళాలి, ఏ కాగితాలు కావాలి, స్టాంపు డ్యూటీ ఎంత, ఇంకా ఎంత టైముంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

గెజిట్_గోపాలం · 2
ముందు ఇది చట్టం లెక్కలో "విదేశీ అవార్డు" అవునా కాదా చూడాలి. 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 44 ప్రకారం వివాదం వాణిజ్య సంబంధమైనది కావాలి, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అవార్డు 1960 అక్టోబర్ 11న గానీ ఆ తర్వాత గానీ వచ్చి ఉండాలి. చాలామంది మర్చిపోయేది నాలుగోది. అవార్డు వెలువడిన దేశం న్యూయార్క్ ఒడంబడికలో (విదేశీ అవార్డుల్ని ఒకరి దేశంలో ఒకరు అమలు చేసుకునే ఒప్పందం) చేరితే చాలదు, మన కేంద్ర ప్రభుత్వం ఆ దేశాన్ని గెజిట్‌లో నోటిఫై చేసి ఉండాలి. ఒడంబడికను 1960లో ఆమోదించేటప్పుడే మనం రెండు షరతులు పెట్టుకున్నాం: పరస్పరత, వాణిజ్య వివాదాలు మాత్రమే. ఒడంబడికలో 170కి పైగా దేశాలుంటే మన గెజిట్‌లో ఎక్కినవి అందులో మూడో వంతు కూడా ఉండవు.

సింగపూర్ గెజిట్‌లో ఉంది. మీకు ఆ బెంగ లేదు.

మెరక_వీధి · 3
సిటీ సివిల్ కోర్టు అసలు ఆ గడపే కాదు. 2015 సవరణ తర్వాత విదేశీ అవార్డు అమలు హైకోర్టులోనే. సెక్షన్ 47 కింద ఉన్న వివరణ చదవండి. తెలంగాణ హైకోర్టుకి మద్రాసు, బొంబాయిలా ఒరిజినల్ సివిల్ జూరిస్డిక్షన్ లేదు కదా అని కొందరు జిల్లా కోర్టులో వేస్తుంటారు. కింది కోర్టుల డిక్రీల మీద అప్పీళ్ళు వినే హైకోర్టు చాలు అని ఆ వివరణలోనే ఉంది. ఆస్తులు ఆంధ్రలో ఉంటే అమరావతి హైకోర్టు.

పాతప్లీడర్ · 4
34 పిటిషన్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. మన సత్యం కంప్యూటర్స్ కేసులోనే సుప్రీంకోర్టు 2008లో చెప్పింది, విదేశీ అవార్డు మీద కూడా ఇక్కడ 34 వేసుకోవచ్చని. అది కూడా మన సికింద్రాబాద్ కోర్టు నుంచి వెళ్ళిన కేసే.

సీటుముఖ్యం · 5
@పాతప్లీడర్ గారూ, ఆ తీర్పు కథ అక్కడితో ఆగలేదు. అమెరికా కంపెనీ వెంచర్ గ్లోబల్‌కీ సత్యానికీ 50:50 ఉమ్మడి కంపెనీ ఉండేది. లండన్ ఎల్‌సీఐఏ (అక్కడి ఆర్బిట్రేషన్ సంస్థ) ఆర్బిట్రేటర్ 2006 ఏప్రిల్ 3న అవార్డు ఇచ్చాడు, వెంచర్ తన వాటా షేర్లు సత్యానికి బదిలీ చేయాలని. సత్యం ఆ అవార్డు పట్టుకుని అమెరికాలో మిషిగన్ కోర్టుకి వెళ్ళింది, వెంచర్ సికింద్రాబాద్ కోర్టుకి వచ్చింది. 2008 జనవరి 10న సుప్రీంకోర్టు, సీటు బయట ఉన్నా మన చట్టం మొదటి భాగం వర్తిస్తుందన్న 2002 నాటి భాటియా తీర్పుని ఆధారం చేసుకుని, ఇక్కడ సవాలు చేసుకోవచ్చంది. దాంతో సీటు ఎక్కడ పెట్టుకున్నా ఓడినవాడు ఇండియాలో ఇంకో రౌండ్ ఆడే దారి తెరుచుకుంది. విదేశీ కంపెనీలు మన వాళ్ళతో కాంట్రాక్టు అంటేనే జంకడానికి ఇదొక కారణం.

2012 సెప్టెంబర్ 6న బాల్కో తీర్పులో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం భాటియానీ, ఈ సత్యం తీర్పునీ రెండింటినీ పక్కన పెట్టేసింది. సీటు బయట ఉంటే చట్టంలో మొదటి భాగం వర్తించదు, అంటే 34 లేదు. బాల్కో ఆ తేదీ తర్వాత కుదిరిన ఒప్పందాలకే అన్నారు, నిజమే. కానీ మొదటి పోస్టులో కాంట్రాక్టు 2019 అని ఉంది. ఇంకేం మిగిలింది?

పాతప్లీడర్ · 6
2012కి ముందు కాంట్రాక్టుల్లో మాత్రం ఆ వాదన ఇంకా బతికే ఉందని నా ఉద్దేశం. ఈ కేసుకి కాదు, ఒప్పుకుంటా.

కృష్ణాతీరం · 7
అంటే ఆ 34ని పట్టించుకోకుండా వదిలేయొచ్చా?

సీటుముఖ్యం · 8
అస్సలు వదలొద్దు. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీగా ఏ మధ్యంతర ఉత్తర్వో తెచ్చుకుంటారు, దాన్ని తీయించడానికి ఆరు నెలలు. వకాల్తా వేసి, మెయింటెయినబుల్ కాదంటూ (ఆ పిటిషన్ ఇక్కడ నిలవదంటూ) కొట్టేయమని అప్లికేషన్ పెట్టండి. సీటు క్లాజు ఉన్న పేజీ, బాల్కో, అంతే. మెరిట్స్ మీద ఒక్క పేరా కూడా రాయొద్దు. రాస్తే మీరే తలుపు తీసినట్టు.

సింగపూర్ కోర్టులో సవాలు చేయడానికి వాళ్ళకి అవార్డు అందాక మూడు నెలలే గడువు. అది ఎప్పుడో పోయింది. విదేశీ అవార్డు అమలుని ఏ కారణాలతో ఆపొచ్చో చెప్పేది సెక్షన్ 48. అందులో 48(1)(ఇ) కింద "అవార్డు రద్దయింది" అనే అభ్యంతరం నిలవాలంటే ఆ రద్దు సీటు ఉన్న దేశం కోర్టు నుంచో, ఏ దేశ చట్టం కింద అవార్డు వెలువడిందో ఆ దేశం కోర్టు నుంచో రావాలి. సిటీ సివిల్ కోర్టు ఉత్తర్వు అక్కడ లెక్కలోకి రాదు.

రవ్వ_తీరం · 9
టైము సంగతి. మూడేళ్ళు. మీకు రెండేళ్ళు దాటిపోయాయి కాబట్టి ఈ దారం మొత్తంలో మీరు మొదట పట్టించుకోవాల్సింది ఇదే.

2020 సెప్టెంబర్ 16న సుప్రీంకోర్టు వేదాంత కేసులో తేల్చింది: విదేశీ అవార్డు అమలు పిటిషన్‌కి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 137, హక్కు పుట్టినప్పటి నుంచి మూడేళ్ళు. ఆ కేసు మన కృష్ణా–గోదావరి బేసిన్‌లోని రవ్వ చమురు క్షేత్రానిదే. 1994 ఒప్పందం, అభివృద్ధి ఖర్చు ఎంత రాబట్టుకోవచ్చన్నది గొడవ. కౌలాలంపూర్‌లో 2011 జనవరి 18న అవార్డు వచ్చింది, 27.8 కోట్ల డాలర్ల దాకా రాబట్టుకోవచ్చని. కేంద్ర ప్రభుత్వం మలేషియా కోర్టుల్లో ఓడిపోయింది, తర్వాత ఇక్కడ అమలుని అడ్డుకుంది, ఇక్కడా ఓడిపోయింది.

అందులో అమలు పిటిషన్ పడింది 2014 అక్టోబర్‌లో, అవార్డు వచ్చిన మూడేళ్ళ తర్వాత. అయినా నిలబడింది. ఎందుకంటే 2014 జూలైలో ప్రభుత్వం డిమాండ్ నోటీసు ఇచ్చినప్పుడే అమలు కోరే హక్కు పుట్టిందన్నారు. ఆ వెసులుబాటు మీ కేసులో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. డబ్బు కట్టమనే అవార్డులో అవార్డు తేదీ నుంచే లెక్క వేసుకుని వేయడం క్షేమం.

గుంటూరు_లా · 10
కొన్ని హైకోర్టులు 12 ఏళ్ళు అన్నాయి కదా? విదేశీ అవార్డు డిక్రీతో సమానం, డిక్రీకి 12 ఏళ్ళు అని.

రవ్వ_తీరం · 11
మద్రాసు హైకోర్టు అలా అంది. వేదాంత తీర్పు దాన్ని ఒప్పుకోలేదు. 12 ఏళ్ళ గడువిచ్చే లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 136 ఇక్కడి సివిల్ కోర్టు డిక్రీలకే, విదేశీ అవార్డు అలాంటిది కాదంది. ఊరట ఒకటుంది: ఇది సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 కింద అప్లికేషన్ కాదు కాబట్టి లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మాఫీ అడగొచ్చు. కానీ గడువు చేతిలో ఉండగా మాఫీ మీద ఆధారపడటం దేనికి?

నోటరీ_నాగమణి · 12
కాగితాల గురించి వివరంగా రాస్తా, ఎందుకంటే నెలలకు నెలలు పోయేది ఇక్కడే. వాదన బాగానే ఉంటుంది, పిటిషన్‌కి నంబరు పడదు. రిజిస్ట్రీ రిటర్న్ చేస్తూనే ఉంటుంది.

సెక్షన్ 47 అడిగేవి: అవార్డు అసలు ప్రతి, లేదా అది వెలువడిన దేశం చట్టం ప్రకారం ధృవీకరించిన ప్రతి. ఆర్బిట్రేషన్ ఒప్పందం అసలు, లేదా సర్టిఫై చేసిన ప్రతి. ఇది విదేశీ అవార్డే అని చూపించే ఆధారం. దానికి గెజిట్ నోటిఫికేషన్ కాపీ జత చేస్తే సరి. చిన్న విషయమే, అయినా పెట్టనివాళ్ళే ఎక్కువ.

సింగపూర్ అవార్డుకి ఎస్ఐఏసీ రిజిస్ట్రార్ ధృవీకరణ తీసుకోండి. అవార్డు పేజీలన్నీ, అనుబంధాలు, సవరణ ఉత్తర్వు ఏదైనా ఉంటే అదీ ఒకే కట్టగా సర్టిఫై చేయించాలి. అంకెల పొరపాటు దిద్దుతూ తర్వాత ఇచ్చిన కొరిజెండమ్ విడిగా ఉండిపోతే, 21 లక్షలా 20 లక్షలా అని ఎదుటివాళ్ళు ఒక వాయిదా లాగుతారు.

పవర్ ఆఫ్ అటార్నీ, బోర్డు తీర్మానం సింగపూర్‌లో నోటరీ చేయించి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే అధికారిక ధృవీకరణ) వేయించాలి. అక్కడ 2021 సెప్టెంబర్ 16 నుంచి అపోస్టిల్ నడుస్తోంది, ఇచ్చేది సింగపూర్ అకాడమీ ఆఫ్ లా. కాబట్టి హైకమిషన్ చుట్టూ తిరగక్కర్లేదు. పవర్ ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. కొరియర్ కవరు పారేయకండి, చేరిన తేదీకి అదే సాక్ష్యం.

పవర్‌లో "కేసు నడిపే అధికారం" అని పొడిగా రాయడం చాలదు. అమలు పిటిషన్, జప్తు, డిపాజిట్ వెనక్కి తీసుకోవడం, రాజీ, ఇవన్నీ పేరుపేరునా ఉండాలి. డబ్బు కోర్టులో పడ్డాక, తీసుకునే అధికారం ఏదని అడిగితే అప్పుడు మళ్ళీ సింగపూర్ నుంచి ఇంకో పవర్ తెప్పించుకోవాలి.

ఇంకోటి. కాంట్రాక్టు నాటికి ఆ ఫార్మా కంపెనీ పేరూ ఇప్పటి పేరూ ఒకటేనా చూడండి. మారి ఉంటే పేరు మార్పు సర్టిఫికెట్ కంపెనీల రిజిస్ట్రార్ రికార్డు నుంచి తీసి పెట్టండి.

మెరక_వీధి · 13
అసలు ఒప్పందం దొరక్కపోతే కంగారుపడక్కర్లేదు. 2018 నవంబర్‌లో పీఈసీ వర్సెస్ ఆస్ట్‌బల్క్ కేసులో సుప్రీంకోర్టు, పిటిషన్ వేసే రోజే అది లేకపోయినా పిటిషన్ పడిపోదు, తర్వాత దాఖలు చేయొచ్చంది. కానీ నాగమణి గారు చెప్పినట్టు మొదటే పెట్టడం మేలు.

కృష్ణాతీరం · 14
చాలా ఉపయోగపడింది మేడమ్. స్టాంపు డ్యూటీ?

నోటరీ_నాగమణి · 15
విదేశీ అవార్డుకి లేదు. 2018 సెప్టెంబర్ 13న శ్రీరామ్ ఈపీసీ వర్సెస్ రయోగ్లాస్ తీర్పు. స్టాంపు చట్టంలో "అవార్డు" అన్న మాటలో విదేశీ అవార్డు లేదని తేల్చారు. రిజిస్ట్రీలో అభ్యంతరం పెడితే ఆ తీర్పు కాపీ జత చేసి తిరిగి సమర్పించండి. కోర్టు ఫీజు వేరే, అది కట్టాల్సిందే.

రేవు_కాకినాడ · 16
ఇదే దారంలో ఓడ కేసుల సంగతి కూడా. కాకినాడ నుంచి బియ్యం వెళ్ళే ఓడలకి డెమరేజ్ (రేవులో ఆలస్యానికి కట్టాల్సిన సొమ్ము) గొడవలొస్తాయి, లండన్‌లో అవార్డులు వస్తాయి. అక్కడ సంతకాలు పెట్టిన కాంట్రాక్టు అంటూ ఉండదు. బ్రోకర్ కుదిరిన షరతులన్నీ కలిపి పంపిన ఈమెయిల్ రీక్యాపే ఒప్పందం, అందులో ఒక లైను: "లండన్ ఆర్బిట్రేషన్, ఇంగ్లిష్ లా". ఇక్కడి చార్టరర్ (ఓడని అద్దెకి తీసుకున్నవాడు) వెంటనే "మేం సంతకం పెట్టిన ఒప్పందం చూపించండి" అంటాడు.

ఉత్తరప్రత్యుత్తరాల్లో కుదిరినా రాతపూర్వక ఒప్పందమే. కానీ దాన్ని సాక్ష్యంగా పెట్టే పద్ధతి మారింది. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, పాత సాక్ష్య చట్టం 65బి స్థానంలో సెక్షన్ 63(4) సర్టిఫికెట్. అందులో రెండు భాగాలు: ఆ కంప్యూటరో మెయిల్ ఖాతానో చూసుకునే వ్యక్తి నింపేది ఒకటి, నిపుణుడు నింపేది ఇంకొకటి. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే వేలిముద్రలాంటి కోడ్), ఏ పద్ధతిలో తీశారో కూడా రాయాలి. ప్రింటవుట్ మీద పాత నమూనా సర్టిఫికెట్ అంటించి తెస్తే వెనక్కి వస్తుంది. మెయిల్‌ని ఫార్వర్డ్ చేయించుకోకుండా అసలు పెట్టెలోంచే ఎగుమతి చేయించండి. ఫార్వర్డ్ చేస్తే హెడర్లు మారిపోతాయి.

గుంటూరు_లా · 17
హ్యాష్ విలువ గడి ఖాళీగా వదిలి, దాని మీదే గుండ్రటి సీలు గట్టిగా కొడితే సరిపోదా అని అడిగే గుమస్తాలు ఇంకా ఉన్నారు 😀

రేవు_కాకినాడ · 18
ఉన్నారు 😀 నోటీసులకీ ఇదే జాగ్రత్త కావాలి. "నాకు ఆర్బిట్రేషన్ నోటీసే అందలేదు" అన్నది 48(1)(బి) అభ్యంతరం, చిన్న చార్టరర్లు మొదట ఎత్తుకునేది అదే. కొరియర్ డెలివరీ ప్రూఫ్, మెయిల్ బౌన్స్ కాలేదన్న లాగ్, వాళ్ళు ఒక్కసారైనా బదులిచ్చిన మెయిల్, ఈ మూడూ ఆర్బిట్రేషన్ నడుస్తున్నప్పుడే దాచుకోవాలి. అవార్డు వచ్చాక వెతికితే అక్కడి సొలిసిటర్ ఫైలు మూసేసి ఉంటాడు.

పాతప్లీడర్ · 19
మీరంతా అమలు నల్లేరు మీద బండి నడకలా చెబుతున్నారు. భారత పబ్లిక్ పాలసీకి (ప్రజా విధానానికి) విరుద్ధమన్న సెక్షన్ 48 అభ్యంతరం మాటేమిటి? 2020 ఏప్రిల్ 22న నాఫెడ్ వర్సెస్ అలిమెంటా తీర్పులో విదేశీ అవార్డు అమలుని సుప్రీంకోర్టే నిరాకరించింది. ఫార్మా కంపెనీ లాయరు మొదట పెట్టే కాగితం అదే అవుతుంది.

సీటుముఖ్యం · 20
పెడతారు, పెట్టనివ్వండి. ఆ కేసు వాస్తవాలు చదివితే భయం తగ్గుతుంది. 1980లో 5000 టన్నుల వేరుశనగ ఎగుమతి ఒప్పందం. కొంత పంపారు, మిగతాది వచ్చే ఏడాదికి జరుపుకున్నారు. అలా జరిపి పంపడానికి ప్రభుత్వ అనుమతి కావాలి, ప్రభుత్వం ఇవ్వలేదు. అనుమతి లేకుండా పంపితే చట్ట ఉల్లంఘన. ఒప్పందం నెరవేర్చడమే కుదరని పరిస్థితిలో నష్టపరిహారం ఏమిటన్నారు. కేసు కూడా పాత 1961 చట్టం కింద. నా మటుకు ఆ తీర్పు సరైంది కాదు, అవార్డు లోపలికి తొంగి చూసింది. కానీ మీ ఫార్మా కేసులో సరుకు అందింది, వాడుకున్నారు, డబ్బు ఇవ్వలేదు. నాఫెడ్‌కీ దీనికీ పోలికే లేదు.

పబ్లిక్ పాలసీకి అసలు గీత గీసింది 1993 రేణుసాగర్ తీర్పు. మధ్యలో ఫూల్‌చంద్ కేసులో కాస్త వెడల్పు చేశారు, 2013 జూలై 3న శ్రీలాల్ మహల్ తీర్పు మళ్ళీ కుదించింది. 2015 సవరణ దాన్ని చట్టంలోనే రాసింది: మోసం లేదా అవినీతి, భారత చట్టపు మౌలిక విధానానికి విరుద్ధం, నీతి న్యాయాల కనీస భావనకి విరుద్ధం, ఇంతే. మెరిట్స్ తిరగతోడకూడదని రెండో వివరణలో ఉంది. "పేటెంట్ ఇల్లీగాలిటీ" (అవార్డులో పైకే కనిపించే చట్ట విరుద్ధత) అనే అభ్యంతరం విదేశీ అవార్డుకి లేనే లేదు. అది మన దేశంలో సీటు ఉన్న, అది కూడా రెండు పక్షాలూ ఇక్కడివే అయిన అవార్డులకి.

ఫెమా_ఫైలు · 21
వాళ్ళ రెండో బాణం ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) అవుతుంది. "డాలర్లు పంపాలంటే రిజర్వ్ బ్యాంకు అనుమతి కావాలి, కాబట్టి పబ్లిక్ పాలసీకి విరుద్ధం." 2020 ఫిబ్రవరి 13న విజయ్ కారియా వర్సెస్ ప్రిస్మియన్ తీర్పు చదివించండి. ఫెమా ఉల్లంఘన ఉందనుకున్నా అది సరిదిద్దుకోగలిగేది, మౌలిక విధానం కాదన్నారు. ఆ కేసులో లండన్ అవార్డుల మీద ఆధారం లేని అభ్యంతరాలతో కాలయాపన చేశారని 50 లక్షల రూపాయల ఖర్చులు కూడా వేశారు. పిటిషన్‌లోనే ఖర్చులు అడగండి. అడగనిదే ఎవరూ ఇవ్వరు.

చిత్తూరు_చంద్ర · 22
దేవాస్ కంపెనీకీ ఇస్రో వాణిజ్య విభాగం యాంట్రిక్స్‌కీ మధ్య కేసులో 56 కోట్ల డాలర్ల అవార్డు మోసం అన్న కారణంతో పోయింది కదా, అది 48 కింద పోలేదా?

సీటుముఖ్యం · 23
కాదు. ఐసీసీ (పారిస్‌లోని అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ సంస్థ) అవార్డైనా సీటు ఇండియాలోనే. అందుకే ఢిల్లీ హైకోర్టు 2022లో దాన్ని 34 కింద రద్దు చేసింది. అవార్డు ఏ సంస్థ రూల్స్ కింద వచ్చిందన్నది కాదు, సీటు ఎక్కడన్నది చూడాలి. దేవాస్ వాటాదారులు అమెరికాలో అమలు కోసం పోరాడుతున్నది వేరే కథ, అక్కడి సుప్రీంకోర్టు 2025 జూన్‌లో జూరిస్డిక్షన్ పాయింటు మీద వాళ్ళకి అనుకూలంగా చెప్పింది.

ఈపీ_ఈశ్వర్ · 24
అందరూ తీర్పులు చెప్పారు, నేను వసూలు గురించి చెప్తా. అవార్డు అమలుకి అర్హమని హైకోర్టు చెప్పిన రోజు జేడీఆర్ (డబ్బు కట్టాల్సినవాడు) ఖాతాలో పదివేలుంటే ఏం లాభం?

మొదట, రెండు పిటిషన్లు వేయొద్దు. 2001 ఫ్యుర్స్ట్ డే లాసన్ తీర్పు ప్రకారం అమలుకి అర్హత తేల్చడం, ఎగ్జిక్యూషన్ రెండూ ఒకే పిటిషన్‌లో అడగొచ్చు. ప్రార్థనలు అలా రాసుకోండి: 48 అభ్యంతరాలు తోసిపుచ్చి 49 కింద డిక్రీగా పరిగణించాలని, ఆర్డర్ 21 రూల్ 41 కింద కంపెనీ డైరెక్టర్ ఆస్తుల అఫిడవిట్ వేయాలని, తర్వాత జప్తు, గార్నిషీ (వాళ్ళకి బాకీ ఉన్న మూడోవాళ్ళ నుంచి నేరుగా వసూలు). అఫిడవిట్ వేయకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు ఉందని అదే రూలు చెబుతుంది. డైరెక్టర్లు కదిలేది అక్కడే.

దాంతోపాటే ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 9, అంటే మధ్యంతర రక్షణ. 2015 సవరణతో సీటు బయట ఉన్నా ఇది దొరుకుతుంది, ఒప్పందంలో మినహాయించకపోతే. ఇది కూడా హైకోర్టులోనే, అంతర్జాతీయ వాణిజ్య ఆర్బిట్రేషన్ కాబట్టి. విదేశీ అవార్డు వచ్చాక కూడా 9 వేయొచ్చని బొంబాయి హైకోర్టు హెలిగో చార్టర్స్ కేసులో చెప్పింది. ఆస్తులు అమ్మకుండా, కొత్త తాకట్లు పెట్టకుండా నిలుపుదల అడగండి.

ఆస్తులు ముందే వెతికి పెట్టుకోవాలి. కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో ఆ కంపెనీ బ్యాలెన్స్ షీట్లు, ఛార్జీల జాబితా డబ్బు కట్టి దించుకోండి. ఛార్జీల జాబితా చూస్తే ఏ బ్యాంకుకి ఏది తాకట్టులో ఉందో, ఎక్కడ ఖాతాలున్నాయో తెలుస్తుంది. ఫ్యాక్టరీ భూమికి ఈసీ తీయండి. ఫార్మా వాళ్ళ ప్లాంటు, యంత్రాలు, స్టాకు సాధారణంగా బ్యాంకుల దగ్గరే ఉంటాయి, వాటి మీద పడితే బ్యాంకు ముందు నిలబడుతుంది. మీకు నికరంగా దొరికేవి కొనుగోలుదార్ల నుంచి రావాల్సిన బాకీలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, అనుబంధ కంపెనీల్లో షేర్లు. రావాల్సిన బాకీల్లో కూడా బ్యాంకు ఛార్జీ ఏ మేరకు ఉందో చూసుకోవాలి. బ్యాలెన్స్ షీటు నోట్సులో పెద్ద కొనుగోలుదారు పేరు కనిపిస్తే గార్నిషీ నోటీసు వాళ్ళకి వెళ్ళాలి.

కృష్ణాతీరం · 25
వాళ్ళకి విశాఖ దగ్గర ఇంకో యూనిట్ కూడా ఉంది. రెండు హైకోర్టుల్లో వేయాలా?

ఈపీ_ఈశ్వర్ · 26
డబ్బు కట్టమనే అవార్డులో వివాద విషయం డబ్బే, అది ఎక్కడుంటే అక్కడికి వెళ్ళొచ్చని 1993 బ్రేస్ ట్రాన్స్‌పోర్ట్ తీర్పు. రిజిస్టర్డ్ ఆఫీసు, బ్యాంకు ఖాతాలు హైదరాబాద్‌లో ఉన్నాయి కాబట్టి మొదట తెలంగాణ హైకోర్టు. అక్కడ అమలు ఉత్తర్వు వచ్చాక, వసూలు కాని మొత్తానికి విశాఖ వైపు కదలండి. రెండు చోట్లా ఒకేసారి 48 అభ్యంతరాలు వాదించుకోవడం డబ్బు దండగ.

దుబాయ్_దామోదర్ · 27
పక్క ప్రశ్న. అబుదాబిలో మన తెలుగువాళ్ళ కాంట్రాక్టింగ్ కంపెనీ ఒకదానికి దుబాయ్ సీటుతో అవార్డు వచ్చింది, ఎదుటివాడి ఆస్తులు నెల్లూరులో. 2020లో యూఏఈని ఇండియా నోటిఫై చేసింది కదా, హాయిగా వేసుకోవచ్చుగా?

గెజిట్_గోపాలం · 28
ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 2020 జనవరి 17 నోటిఫికేషన్ సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ కింద, కోర్టు డిక్రీలకి. ఆ సెక్షన్‌లోనే రెండో వివరణ ఆర్బిట్రేషన్ అవార్డుని బయట పెట్టింది, అక్కడ డిక్రీలా అమలయ్యేదైనా సరే. ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 44 కింద నోటిఫికేషన్ వేరు, అందులో యూఏఈ కనిపించదు. యూఏఈ 2006లోనే ఒడంబడికలో చేరినా మన గెజిట్ ఎక్కకపోతే 44 తలుపు తెరుచుకోదు. మిగిలేది అవార్డుని ఆధారం చేసుకుని మామూలు సివిల్ దావా. సుప్రీంకోర్టు బాదత్ అండ్ కంపెనీ కేసులో చర్చించిన దారి అది, కానీ బాగా నెమ్మది.

వేసే ముందు ఆ రోజుకి తాజా గెజిట్ చూసుకోండి. కొత్త దేశాలు కలుస్తుంటాయి. చైనాని హాంకాంగ్‌తో సహా 2012లో కలిపారు.

గల్ఫ్‌లో మనవాళ్ళు వేలమంది సబ్ కాంట్రాక్టులు చేస్తున్నారు, ఎదుటివాడి ఆస్తులు ఇండియాలో ఉన్నాయని తెలిసీ దుబాయ్ సీటుకి సంతకం పెడుతున్నారు. సీటు సింగపూర్ అనో లండన్ అనో రాయించుకోండి. విచారణ సమావేశాలు దుబాయ్‌లోనే జరుపుకోవచ్చు, సీటు మారదు.

దుబాయ్_దామోదర్ · 29
ఈ మాట సంతకానికి ముందు ఎవరూ చెప్పరు. థాంక్స్ అన్నా. అక్కడివాళ్ళకి పంపుతున్నా.

చిత్తూరు_చంద్ర · 30
ఎదురు దిశలో అయితే? హైదరాబాద్ సీటుతో అవార్డు, కట్టాల్సినవాడు అమెరికాలో.

సీటుముఖ్యం · 31
అమెరికాలో ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు, అవార్డు వచ్చిన మూడేళ్ళలోపు. ఇక్కడ 34 పెండింగ్‌లో ఉంటే అక్కడి కోర్టు ఆపే అవకాశం ఉంది, కానీ ఆ వంకతో మూడేళ్ళు దాటనీయొద్దు, వేసి స్టే ఒప్పుకోవడం మేలు. ఇంగ్లండ్‌లో ఆరేళ్ళు, మొదటి ఉత్తర్వు ఎదుటివాడికి నోటీసు లేకుండానే ఇస్తారు, ఆపై అతను రద్దు కోరాలి. చైనాలో రెండేళ్ళే. చీమకుర్తి గ్రానైటు అమ్మేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన అంకె ఇది. అక్కడ ఇంటర్మీడియట్ పీపుల్స్ కోర్టులో వేయాలి, ఆ కోర్టు అమలు నిరాకరించాలంటే పైకి, చివరికి సుప్రీం పీపుల్స్ కోర్టు దాకా నివేదించాలి. ఆ పద్ధతి మనకి రక్షణే.

కృష్ణాతీరం · 32
రూపాయల్లోకి ఏ రోజు రేటు? అవార్డు నాటికీ ఇప్పటికీ డాలరు బాగా పెరిగింది.

ఫెమా_ఫైలు · 33
అవార్డు రోజుది కాదు. 2024 ఆగస్టులో డీఎల్ఎఫ్ వర్సెస్ కొన్కార్ తీర్పు: అభ్యంతరాలు అంతిమంగా తేలి అవార్డు అమలుకి అర్హమైన రోజు రేటు. ఆ కేసులో అది 2014 జూలై 1. కానీ మధ్యలో కోర్టులో డిపాజిట్ చేసి, మీరు తీసుకునే వీలు ఉంటే, ఆ మొత్తానికి డిపాజిట్ చేసిన రోజు రేటే. ఆ కేసులో 2010లో వేసిన ఏడున్నర కోట్లకి అలాగే లెక్క కట్టారు. కాబట్టి వాళ్ళు డిపాజిట్ చేసిన రోజే, గ్యారంటీ మీదైనా సరే, తీసుకోవడానికి అప్లికేషన్ వేయండి. ఆ సొమ్ము పడి ఉన్నన్నాళ్ళూ రూపాయి పడిపోతే ఆ నష్టం మీదే.

సింగపూర్ కంపెనీకి ఇక్కడ బ్యాంకు ఖాతా ఉండదు. డబ్బు విడుదల ఉత్తర్వులోనే ఫలానా బ్యాంకు ద్వారా విదేశీ ఖాతాకి పంపాలని రాయించుకోండి. బ్యాంకు అడిగేవి ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, అవార్డు, అసలు ఇన్వాయిస్‌లు, దిగుమతి బిల్ ఆఫ్ ఎంట్రీలు, పన్ను కోత మీద ఛార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్. సరుకు ధర, వడ్డీ, ఖర్చులు విడివిడిగా ఒక పట్టికలో చూపించండి. వడ్డీ మీద పన్ను ప్రశ్న వేరుగా వస్తుంది, అంతా ఒకే అంకెగా పెడితే మొత్తం మీద కోస్తారు.

మెరక_వీధి · 34
ఒకటి అదనం. అమలు ఉత్తర్వు వస్తే దాని మీద అప్పీలు లేదు. సెక్షన్ 50 కింద నిరాకరించినప్పుడే అప్పీలు. కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 13 పట్టుకుని అప్పీలు వేస్తారు, 2018 ఫిబ్రవరిలో కాండ్లా ఎక్స్‌పోర్ట్ తీర్పు అదీ కుదరదంది. వాళ్ళకి మిగిలేది రాజ్యాంగం ఆర్టికల్ 136 కింద సుప్రీంకోర్టు. అక్కడ కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దన్న ముందస్తు అప్లికేషన్) వేసి ఉంచండి.

కృష్ణాతీరం · 35
ఇంకొక్కటే. వేరే అప్పులవాళ్ళు ఆ కంపెనీని ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు వినే ట్రిబ్యునల్) లాగుతున్నారని మార్కెట్లో మాట. అది జరిగితే?

ఈపీ_ఈశ్వర్ · 36
పిటిషన్ అడ్మిట్ అయిన రోజు నుంచి మారటోరియం, మీ అమలు, జప్తు అన్నీ ఆగిపోతాయి. అందుకే తొందరపడమంటున్నది. ఆ కంపెనీ పేరు మీద హైదరాబాద్ బెంచి కాజ్ లిస్టు ప్రతి వారం చూడండి. అడ్మిట్ అయితే పత్రికల్లో ప్రకటన వస్తుంది, తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్ నియామకం నుంచి 14 రోజుల్లో క్లెయిమ్ అడుగుతారు. సరుకు సప్లయర్ కాబట్టి ఫారం బి. దానికి అవార్డు సర్టిఫైడ్ ప్రతి, వడ్డీ ఆ రోజు వరకు లెక్కగట్టిన పట్టిక, హైకోర్టు పిటిషన్ నంబరు జత చేయాలి. పిటిషన్ ఇంకా తేలకపోయినా క్లెయిమ్ పెట్టకుండా కూర్చోవద్దు. నాగమణి గారు చెప్పిన పవర్‌లో "దివాలా ప్రక్రియలో క్లెయిమ్ వేయడం, ఓటు వేయడం" అన్న లైను కూడా ఇప్పుడే చేర్పించండి, అపోస్టిల్‌కి ఇంకా పంపలేదు కదా.